గడప బయట బూట్లు

ఆ పుస్తకాన్ని వెనక అట్ట నుంచి ఎందుకు తెరుస్తున్నావని అడిగితే, "జపాను బొమ్మల కథలు గిట్లనే సదవాలె బాపమ్మా, కుడి దిక్కుకెల్లి" అని నాకు పాఠం చెప్పావు చూడు, అప్పుడే నవ్వు ఆపుకున్నాను. ఆ బొమ్మలు గీసినాయన జీవితం కూడా చదివి వినిపించావు. చిన్న వయసులోనే మొదలుపెట్టాడట, వారం వారం పేజీలు ఇవ్వాలట, పక్కన కూర్చుని నలుపు నింపడానికి మనుషులు ఉండేవారట, బల్ల మీదే తిని బల్ల మీదే కునుకు తీసేవాడట. మంచిదే. నేనూ బొమ్మల కథలు గీశాను. నాది కూడా ఒకసారి కుడి నుంచి ఎడమకు అచ్చయింది. ఆయనకు దాంతో పేరొచ్చింది. నాకు ఠాణా నుంచి కబురొచ్చింది.

రాసుకో మరి. నేను చెప్పేదాన్ని పుస్తకాల తెలుగులో పెట్టుకుంటానన్నావు, పెట్టుకో. కానీ మా అత్త మాటలు మాత్రం దిద్దకు. ఆమె బతికున్నప్పుడే ఆమెను ఎవరూ దిద్దలేకపోయారు.

నా పుట్టిల్లు సిరిసిల్ల అని నీకు తెలుసు. మా బాపు మగ్గాల వాళ్లకు చీరల అంచులు గీసి ఇచ్చేవాడు. గళ్ల కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. నెమలి కావాలంటే దాని మెడ ఎన్ని పోగుల వెడల్పో ముందే తేల్చుకోవాలి. బాపు పెన్సిలుతో గీస్తే నేను పక్కన కూర్చుని గళ్లు నింపేదాన్ని. అంటే జపాను ఆయన పక్కన కూర్చున్న మనుషుల పని నేను పదేళ్లు నిండకముందే చేశానన్నమాట. ఒకసారి ఒక్క గడి ఎక్కువ నింపాను. చీర పొడుగునా నెమళ్లన్నీ మూడేసి కాళ్లతో నడిచాయి. బాపు కొట్టలేదు, తిట్టలేదు. ఆ చీర మా అమ్మకు కట్టబెట్టాడు. అమ్మ అది కట్టుకున్న ప్రతిసారీ నా వైపు చూసేది.

అంచుకు మొదలూ లేదు, చివరా లేదు. ఏ కొంగు నుంచి చూసినా అదే నెమలి. బొమ్మలకు ఒక వైపు నుంచి మొదలవడం అనేది ఉంటుందని నాకు నేర్పినవాళ్లు ఎవరూ లేరు. ఇది గుర్తు పెట్టుకో, తరవాత పనికొస్తుంది.

పెళ్లయి కోరుట్లకు వచ్చాను. మీ తాత తువ్వాళ్లు, లుంగీలు మూట కట్టుకుని జగిత్యాల దాకా బస్సుల్లో తిరిగి అమ్మేవాడు. మా అత్త అరుగు మీద కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. మూడిళ్ల అవతల ఒక ముసలి సాయిబు అచ్చు ప్రెస్సు నడిపేవాడు. మా వాడ మొత్తం ఆయనను ప్రెస్సు చాచా అనేది. ఆయన ఒకప్పుడు ఉర్దూ శుభలేఖలు చేత్తో రాసిన మనిషి. ఆ రాతను చూస్తే చదువు రానివాళ్లు కూడా పెళ్లికి పోవాలనుకునేవారు. తరవాత మిషను కొన్నాడు, తెలుగు అక్షరాలు కొన్నాడు, బీడీ కట్టల మీద అంటించే కాగితాలు అచ్చేసేవాడు.

నా మొదటి బొమ్మ అలాంటి కాగితం మీదే. కోడిపుంజు. చాచా తన పాత వెదురు కలం నాకు ఇచ్చాడు. ఉర్దూ రాసే కలం కదా, గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పడుతుంది. దాంతో గీస్తే పుంజు తోక గాలికి ఊగినట్టు వచ్చింది. ఆ ఏడంతా ఊళ్లో మగవాళ్లు నా పుంజు బొమ్మ చింపి బీడీలు తాగారు.

తరవాత చాచా ఒక నెల పత్రిక పెట్టాడు. ఎనిమిది పేజీలు. ఏడు పేజీల నిండా బట్టల కొట్లు, ఎరువుల కొట్లు, పళ్ల డాక్టరు. ఎనిమిదో పేజీ ఎవరూ కొనలేదు. "ఖాళీగ ఇడిస్తే పరువు పోతది బేటీ. పిల్లల కోసం ఏమన్న గియ్యి" అని నా దగ్గరికి వచ్చాడు. ముందు మా అత్తను అడగమన్నాను. అడిగాడు.

"వదినమ్మా, నీ కోడలు చేతుల హునర్ ఉన్నది. పత్రికల బొమ్మలు ఏపిస్త."

"పేరు గూడ ఏస్తవా?"

"ఎయ్యాలె గద."

మా అత్త చేతిలో ఉన్న బీడీ మూతి మడిచి, దారం చుట్టి, చాటలో పడేసి అప్పుడు మాట్లాడింది. "మొన్న గిసొంటి కాయిదం మీదనే నాకు మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిండు. పైన ఎవనిదో పేరున్నదట. పాపం, ఎవ్వని కొడుకో, నూనెల నానిపోయిండు. నా కోడలు పేరు మీద బజ్జీలు పెడ్తరా? బొమ్మలు గీస్తే గియ్యనీ. పేరు బయటికచ్చిన దినం కలం పొయ్యిల పెడ్త."

చాచా గుండె మీద చేయి పెట్టి మాటిచ్చాడు. "నా నోట రాదు వదినమ్మా."

అలా మొదలైంది నా ఉద్యోగం. జీతం ఏమిటంటే, తప్పు పడిన శుభలేఖల కట్టలు. వాటి వెనక తెల్లగా ఉంటుంది కదా, అక్కడ గీసేదాన్ని. మాటల్లేని కథలే గీశాను. ఎందుకంటే చిన్నపిల్లలకు చదువు రాదు, మా అత్తకు చదువు రాదు, చాచా దగ్గర ఉన్న సీసం అక్షరాల్లో సగం అరిగిపోయాయి. మొదటి నెలల్లో ఒక్క పెద్ద బొమ్మ గీసేదాన్ని, సంతలో మేక ఎక్కడుందో వెతకండి అన్నట్టు. తరవాత ధైర్యం వచ్చి కథ గీశాను. ఆ పెద్ద బొమ్మల్లోనూ, ఈ కథలోనూ ఒకే ముసలమ్మ. ముక్కు పుల్ల, వంగిన నడుము, ఒళ్లో చాట. ఆ ముసలమ్మ ఎవరని మీ తాత అడిగాడు. ఎవరూ కాదన్నాను. ఆయన బొమ్మను చూశాడు, అరుగు మీదికి చూశాడు, నన్ను చూశాడు. "నేనైతే సూడలే" అని తువ్వాళ్ల మూట ఎత్తుకుని బస్సుకు పోయాడు.

ఇప్పుడు ఆ కథ చెబుతాను, జాగ్రత్తగా రాసుకో. ఆరు ముక్కలు. ఒకటి, దొంగ చెప్పుల కాళ్లతో ముసలమ్మ ఇంట్లో బియ్యం మూట మీద వంగి ఉన్నాడు. రెండు, మూట భుజాన వేసుకుని పొలం ఒడ్డు మీద పరుగు. మూడు, పోలీసు దొంగ కాలరు పట్టుకున్నాడు. నాలుగు, దొంగ కటకటాల వెనక, మూట పోలీసు పక్కన. అయిదు, పోలీసు మూట మోసుకుంటూ నడుస్తున్నాడు. ఆరు, బూట్లు బయట విడిచి పోలీసు గడప లోపల నిలబడ్డాడు, ఎదురుగా ముసలమ్మ, ఇద్దరి చేతులూ మూట మీదే. అంతే. పోయిన బియ్యం ఇంటికి చేరింది. ఇంతకన్నా పెద్దమనిషి కథ ఉంటుందా?

బీడీ ఆకుల కత్తెరతో ఆరింటినీ విడివిడిగా కత్తిరించి, వెనక అంకెలు వేసి చాచాకు ఇచ్చాను. చీర అంచులాగా పేజీ అడ్డంగా ఒకటే వరుసలో పెట్టమన్నాను. ఆయన హైదరాబాదు పంపి ఆరు అచ్చు బ్లాకులు చేయించాడు. బ్లాకు అడుగున అంకె రాసి ఉంటుంది. అక్షరాలైతే ఎటు నుంచి మొదలో అవే చెబుతాయి. బొమ్మలకు ఆ గుణం లేదు. చాచాది ఆరేళ్ల వయసు నుంచీ ఉర్దూ రాసిన చేయి. ఒకటో నంబరు బ్లాకు తీశాడు, అచ్చులో కుడి చివర పడేట్టు పెట్టాడు. దాని ఎడమ పక్కన రెండు, ఆ పక్కన మూడు. అచ్చు చూసుకుని మురిసిపోయాడు కూడా. ఆయన కళ్లకు ఏ తప్పూ లేదు.

నువ్వు ఎడమ నుంచి చదువు ఇప్పుడు. పోలీసు ముసలమ్మ చేతిలోని మూట గుంజుకుంటున్నాడు. ఎత్తుకుపోతున్నాడు. ఠాణాలో పెట్టుకున్నాడు, అడిగినవాణ్ని కటకటాల్లో వేశాడు. వాడు బయటపడి పోలీసుతో కలబడుతున్నాడు. మూట తీసుకుని పరుగెత్తుతున్నాడు. తెచ్చి ముసలమ్మ ఇంట్లో దించుతున్నాడు.

అవి ఎలాంటి రోజులో నీకు తెలియదు. పొద్దున లేచేసరికి గోడల మీద ఎర్ర అక్షరాలు ఉండేవి. పగలు పోలీసులు సున్నం వేయించేవారు. తెల్లారితే మళ్లీ ఎర్ర అక్షరాలు. మా వాడ గోడలు ఏ పండగకూ అంత తెల్లగా లేవు. బస్సు ఎక్కితే సంచి విప్పి చూపాలి. అడవిలోని అన్నలకు అన్నం పెట్టావా అని పోలీసులు అడుగుతారు, పోలీసులకు మాట చెప్పావా అని వాళ్లు అడుగుతారు. అలాంటప్పుడు ఈ బొమ్మల కథ బయటికి వచ్చింది.

మూడో రోజు మీ తాత జగిత్యాల నుంచి ఎండలో వచ్చి, నీళ్లు కూడా తాగకుండా నన్ను వంటింట్లోకి పిలిచాడు.

"చాయ హోటల్ల నీ పేజీ గోడకు అంటువెట్టిన్రు. గుంపులు గుంపులు సూస్తున్నరు. ఏం గీసినవే నువ్వు?"

"దొంగను పోలీసు పట్టుకున్నట్టు గీసిన."

"గట్లనా. హోటల్లున్నోళ్లేమో, గింత ధైర్యమున్నోడు ఎవడో గని, వాని ఫోటో నాలుగు రోజులల్ల పేపర్ల సూస్తం అంటున్నరు."

పేజీ తెచ్చి నేల మీద పరిచి, వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి జరుపుతూ చూపించాడు. మూడు కాళ్ల నెమలి ఒక్క చీరకే వచ్చింది. ఇది కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, మూడు ఊళ్లకూ పోయింది. సిరిసిల్లలో మా బాపు కూడా చూసే ఉంటాడు.

మర్నాడు పొద్దున చాచాను జీపులో తీసుకుపోయారు. ఏ ఠాణానో రాయకు, ఆ పోలీసు పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో ఏమో. చాచా భార్య మా ఇంటికి వచ్చి మా అత్త వినకుండా నాతో చెప్పింది. "ఎవలు గీసిన్రో చెప్పు, ఇడిసిపెడ్తమంటున్నరట. ఈయన చెప్తలేడు. మాటిచ్చిన అంటుండట. ప్రెస్సుకు తాళం ఏస్తరట బేటీ."

నేను వంటింట్లో నిలబడి లెక్క చూసుకున్నాను. పేరు చెబితే కలం పొయ్యిలోకి పోతుంది, మా అత్త మాట అంటే మాటే. చెప్పకపోతే ఆ ముసలాయన బెంచీ మీద కూర్చునే ఉంటాడు. నిజం చెబుతున్నాను, నాకు ఠాణా భయం కన్నా పొయ్యి భయమే ఎక్కువగా ఉంది. నెలకు ఆ ఒక్క పేజీయే నాది. మిగతావన్నీ ఇంటివి.

అరుగు మీదికి పోయాను. "అత్తమ్మా, నేను ఠాణాకు పోతున్న. గా బొమ్మలు నేనే గీసిన అని చెప్పాలె."

మా అత్త నా వైపు చూడలేదు. చాట పక్కన పెట్టింది. ఒళ్లోని తంబాకు పొడి దులుపుకుంది. "పా" అంది.

"నువ్వెందుకు?"

"నా కోడలు ఒక్కతే ఠాణాకు పోయిందంటే ఎవని పేరు మీద బజ్జీలు పెడ్తరు?"

ఠాణా మెట్ల దగ్గర మా అత్త చెప్పులు విప్పింది. పహరా జవాను "ఏసుకొని రావచ్చు అవ్వా" అన్నాడు. "లోపల మనుషులు లేరా ఏంది?" అని ఆమె ఉత్త కాళ్లతోనే పోయింది. నేనూ విప్పాను. లోపల చాచా బెంచీ మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి కప్పు కింద పెట్టి, "వదినమ్మా, నేను చెప్పలే" అన్నాడు. ఆ మాటతోనే చెప్పేశాడు.

ఎస్సై కొత్తగా వచ్చిన కుర్రవాడు. నా పేజీ ఆయన బల్ల మీద ఉంది.

"నువ్వా గీసింది? ఎవరు గీయమన్నారు?"

"నేనే సార్. ఎవలు చెప్పలే. గది కుడి దిక్కుకెల్లి సూడాలె."

"కుడి నుంచా? తెలుగు పత్రిక కుడి నుంచి ఎవడు చదువుతాడు?"

అప్పుడు మూలన ఉన్న జమేదారు గొంతు సవరించుకున్నాడు. పింఛనుకు దగ్గరపడ్డ మనిషి. "నేను సదివిన సార్" అన్నాడు.

ఎస్సై తిరిగి చూశాడు.

"నాది ఉర్దూ మీడియం. నేను కుడి దిక్కుకెల్లే సూసిన. పోలీసోళ్ల గురించి మంచిగ గీసిన్రని, ఇంట్ల గోడకు గూడ పెట్టిన. మీకు కోపం ఎందుకచ్చిందో నాకు సమజ్ కాలే. అడుగుదామంటే మీరు కోపంల ఉన్నరు."

ఎస్సై నుదురు రుద్దుకున్నాడు. "ఇద్దరు కుడి నుంచి చూస్తారు. జిల్లా అంతా ఎడమ నుంచి చూసి నవ్వుతోంది. పైవాళ్లకు నేనేం రాయాలి? ఏది నిజమని రాయాలి?" ఆయన కళ్లు మా అత్త మీద పడ్డాయి. "అవ్వా, నీకు చదువు వచ్చా?"

"రాదు."

"అయితే నీకు కుడీ ఎడమా లేదు. నువ్వు చూసి చెప్పు. ఇతను మూట ఇస్తున్నాడా, గుంజుకుంటున్నాడా?"

నాకు అప్పుడు పట్టుకుంది భయం. ఠాణా గురించి కాదు. ఆ పేజీలో ఉన్న ముసలమ్మను మా అత్త అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. పేజీని కళ్లకు ఆనించుకుంది. దూరం జరిపింది. తలకిందులు చేసింది. మళ్లీ తిప్పింది. ఎస్సై ఓపిగ్గా కూర్చున్నాడు.

"ఇస్తుండు" అంది.

"ఎట్లా తెలుసు?"

"బూట్లు ఏడున్నయి?"

"ఏంటి?"

"బూట్లు సారు. గడప అవుతల ఇడిసిండు. గుంజుకునేటోడు బూట్లు ఇప్పి అస్తడా? గీ కొసకు సూడు, గీడు చెప్పులతోనే ఇంట్ల జొచ్చిండు. గీడు దొంగ. ఆడు మంచోడు. గింతేనాయె, దీనికి సదువెందుకు?"

ఎస్సై పేజీ లాక్కుని చూశాడు. జమేదారు వచ్చి భుజం మీదుగా చూశాడు. నిజంగానే బూట్లు గడప బయట ఉన్నాయి, లేసులతో సహా. నేనేమీ ఆలోచించి పెట్టలేదు బిడ్డా. మా అత్త ఇంట్లో ఏడేళ్లు కాపురం చేసిన చేతికి, గడప లోపల బూట్లు గీయడం రాలేదు, అంతే.

అక్కడితో ఊరుకుంటే ఆమె మా అత్త ఎందుకవుతుంది? "మొన్న మా వాడకు తలాషీకచ్చినప్పుడు మీరు బూట్లతోనే దేవుని పటాలున్న అర్ర దాక అచ్చిన్రు. నా కోడలు గీసిన పోలీసు ఎవ్వడో గని, గసొంటోన్ని నేనైతే సూడలే" అంది.

చాచా చాయ కప్పు ఎత్తి అడ్డం పెట్టుకున్నాడు. జమేదారుకు దగ్గు వచ్చింది. ఎస్సై బల్ల కింద కాళ్లు వెనక్కి లాక్కోవడం నేను చూశాను.

చివరికి ఆయన తేల్చింది ఇది. వచ్చే నెల అదే కథ ఎడమ నుంచి అచ్చు వేయాలి. అంకెలు బొమ్మల మీదే కనిపించాలి. గీసినవాళ్ల పేరు కింద ఉండాలి, మళ్లీ ఇలాంటిది జరిగితే వెతుక్కునే పని లేకుండా.

పేరు అనగానే నేను మా అత్త వైపు చూశాను. ఆమె తలుపు వైపు చూస్తోంది.

ఇంటికి నడిచాం, ముందు మా అత్త, వెనక నేను. బస్టాండు దాటాక అంది, "గా ముసలిది నేనే గదా."

అబద్ధం ఆడదామంటే ముక్కు పుల్లతో సహా గీసి ఉన్నాను. "అవునత్తమ్మా."

"నా ముక్కు గంత పెద్దగుంటదా?"

"కలం లావుది."

"ఎన్ని నెలల సంది గీస్తున్నవ్?"

"నాలుగు."

ఇంకొంత దూరం నడిచింది. నేను మనసులో పొయ్యి చూసుకుంటున్నాను, అందులో వెదురు కలం.

"పేరు ఏస్తే ఇద్దరిదీ ఎయ్యాలె" అంది. "బజ్జీలు నీ ఒక్కదాని పేరు మీద ఎందుకు పెట్టాలె?"

మరుసటి నెల అలాగే వచ్చింది. ఎడమ నుంచి, అంకెలతో, కింద రెండు పేర్లు. పత్రిక బయటికి వెళ్లిన వారానికి చాచా ప్రెస్సు తలుపు కింద ఎర్ర సిరాతో రాసిన ఒక చీటీ పడింది. పోయిన నెల కథ బాగుందట, ఈ నెల కథ బాగాలేదట. కింద ఎవరి పేరూ లేదు, కానీ ఎవరు రాశారో చాచాకు చెమటలు చెప్పాయి. చీటీ పట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు.

"ఎడమకెల్లి ఏస్తే వాళ్లకు కోపం, కుడికెల్లి ఏస్తే వీళ్లకు కోపం. నేను యాడికెల్లి ఎయ్యాలె వదినమ్మా?"

"పోలీసును తీసెయ్యి. దొంగను తీసెయ్యి" అంది మా అత్త. "ముసలిదాన్ని ఉంచు. ఒక మేకను తే."

అలా ముసలమ్మా మేకా కథ మొదలై చాచా కళ్లు పనిచేసినంత కాలం నడిచింది. కొండగట్టు జాతరలో మేక తప్పిపోయిన కథకు పిల్లలు ప్రెస్సు ముందు వరుస కట్టారు. నువ్వు చదివినదాంట్లో ఆ జపాను ఆయనకు ఒక ఎడిటరు ఉండేవాడని ఉంది కదా, పేజీలు తిప్పి కొట్టేవాడని. నాకూ ఉండేది. మా అత్త నా ఆరు ముక్కలనూ చాటలో వేసి బియ్యం చెరిగినట్టు చెరిగేది. ఎలా పడితే అలా వరుసగా పెట్టి చూసేది. ఏ వరుసలో చూసినా ఎవరికీ కోపం రాకుండా, తనకు నవ్వు వస్తేనే చాచాకు ఇవ్వనిచ్చేది. లేకపోతే "మేక ఇంకింత తినాలె" అనేది. ముక్కు మాత్రం నెల నెలకూ చిన్నదవుతూ వచ్చింది. చివరి కథల్లో ముసలమ్మకు పదహారేళ్ల పిల్ల ముక్కు ఉంటుంది, చూడు.

ఆ ఏడు వానలకు ముందు మా వాడకు మళ్లీ తలాషీ వచ్చింది. ఇల్లిల్లూ వెతుకుతూ మా గడప దగ్గరికి వచ్చారు. ముందు ఎస్సై, వెనక జమేదారు, ఇద్దరు జవాన్లు. మా అత్త అరుగు మీద బీడీలు చుడుతోంది. ఎస్సై గడప చూశాడు, మా అత్తను చూశాడు. వంగి లేసులు విప్పడం మొదలుపెట్టాడు. పైన తుపాకీ, కింద ముడి, విప్పేసరికి చాలాసేపు పట్టింది. వెనకవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్లూ వంగారు.

"నిమ్మలంగ ఇప్పున్రి సారు, తొందరేం లేదు" అంది మా అత్త.

నలుగురూ మేజోళ్లతో ఇల్లంతా వెతికారు. బియ్యం డబ్బా చూశారు, తువ్వాళ్ల మూట చూశారు, నా శుభలేఖల కట్ట చూశారు. ఒక జవాను మేజోడులోంచి బొటనవేలు బయటికి వచ్చి ఉంది. అతను నడుస్తుంటే ఆ వేలు ముందుగా గదిలోకి పోయి, తరవాత అతను పోతున్నట్టుగా ఉంది. వాళ్లు వెళ్లాక మా అత్త "గా ఏలు సూశినవా? గియ్యి" అంది.

ఆమె గీయమన్నది ఏదీ నేను కాదనలేదు, అదొక్కటే కాదన్నాను. అది కుడి నుంచి చూసినా ఎడమ నుంచి చూసినా మళ్లీ ఠాణాకే పోయేది.

ఇప్పుడు గీయొచ్చు. నీ నోటు పుస్తకం ఇటు ఇవ్వు, ఆ లావు పెన్ను కూడా. ముందు వేలు గీస్తాను.